మధ్యాహ్నం లేచే ఆకలి

రాత్రి డ్యూటీ దిగి నర్సు పొద్దున్నే ఇంటికొచ్చేది. చెప్పులు ఒకచోట, బ్యాగు ఒకచోట పడేసి, కిటికీకి దుప్పటి కట్టి మంచమెక్కేది. ఆమెకు నిద్ర పట్టేది గానీ, ఆమె ఆకలికి డ్యూటీలతో పనేంటి? దానిది చిన్నప్పటి అలవాటు. మధ్యాహ్నం కాగానే ఆకలి ఆమె పక్కలోంచి లేచి, తలుపు చప్పుడు కాకుండా తీసుకుని, వంటింట్లో ఆమె నాన్న ఎదురుగా వెళ్లి కూర్చునేది.

"వచ్చావా తల్లీ," అని ఆయన పళ్లెం పెట్టేవాడు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయాక గడప దాటింది లేదు. ఒక్కడే కూర్చుంటే ముద్ద గొంతు దిగేది కాదు. ఆకలి వేళ్లతో పళ్లెం టకటకా వాయిస్తుంటే, దానికింత పెట్టి తానూ ఇంత తినేవాడు. ఇద్దరికీ కబుర్లే కబుర్లు. గోడ అవతల కూతురికి ఒక్క మాటా వినబడేది కాదు.

సాయంత్రం ఆమె లేచేసరికి ఆకలి కడుపు నిండి గుర్రు పెడుతుండేది. ఇక తినబుద్ధేం పుడుతుంది! వార్డులో మాత్రం కళ్లు మూతపడకుండా తెల్లవార్లూ బిస్కెట్లు, తీపి టీ. ఆకలి లేని తిండి ఊరికే పోతుందా? నడుం చుట్టూ చేరింది, రక్తంలోనూ చేరింది.

"షుగరు బాగా పెరిగింది సిస్టర్. పగటి డ్యూటీ అడగండి. ఆకలేసినప్పుడు తిని, రాత్రి పడుకోండి. లేదంటే ఇంజెక్షన్లు తప్పవు," అంది డాక్టరమ్మ.

"నా ఆకలి నాన్న దగ్గరుంటుందండి. నేను తీసుకుపోతే ఆయన తినడు."

"మీది మీరు పిలుచుకోకపోతే ఎలా మరి?" అంది డాక్టరమ్మ, మందులు రాస్తూ.

ఇంటికెళ్లి నాన్నకి చెప్తే, "నీదాన్ని నువ్వు తీసుకెళ్లు. నాకేం, గుండ్రాయిలా ఉన్నా," అని ఆయన కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాడు. ఆమెకు ఏడుపొచ్చింది.

పగటి డ్యూటీ మొదటిరోజు క్యాంటీన్లో ఒక్కతే కూర్చుంది. ఏళ్లుగా అదే ఆసుపత్రి, అయినా ఒక్క తెలిసిన మొహం లేదు. పొద్దున ఎంత బతిమాలినా ఆకలి మంచం దిగలేదు. పోనీలే, నాన్నైనా తింటాడు అనుకుంటూ చల్లారిన పళ్లెం వంక చూసింది.

అంతలో గుమ్మంలో ఆకలి కనబడింది. దాని చెయ్యి పట్టుకుని, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, నాన్న.

"నీ దగ్గరికని బయల్దేరిందే. రోడ్డు నిండా బస్సులు! ఒంటరిగా ఎలా పంపను?" రొప్పుతున్నాడాయన.

ఆమె కుర్చీ జరిపింది. ముగ్గురూ ఒకే పళ్లెంలో చేతులు పెట్టారు. సగం తిన్నాక ఆయన తలెత్తకుండా అడిగాడు.

"రేపు కూడా నేనే దింపాలా దీన్ని?"

"నువ్వే దింపాలి నాన్నా. దానికి దారి తెలీదు," అంది.