బయట పని

కిటికీ పైన సిమెంటు సజ్జ ఎండకు కాలిపోయి కాలు నిలవడం లేదు. భాస్కర్ గోనెసంచి తడిపి పరుచుకుని దాని మీద మోకాళ్లూని కూర్చున్నాడు. ఆ తడి ఎప్పుడో ఆరిపోయింది. మిర్యాలగూడలో మే నెల మిట్టమధ్యాహ్నం. పక్కన వడ్ల మిల్లు నడుస్తోంది. ఊక దుమ్ము లేచి వచ్చి చెమట పట్టిన మెడకు అంటుకుంటోంది. మూతికి కట్టుకున్న తువ్వాలు లోపల కూడా దుమ్మే.

ఆ ఏసీ పాత రకం. గోడకు కన్నం కొట్టి, అందులో ఇనుప డబ్బా బిగించి, గది లోపలి నుంచి మిషన్‌ను ఆ డబ్బాలోకి తోస్తారు. ముఖం గదిలో ఉంటుంది, వీపు ఎండలో ఉంటుంది. కడగాలంటే మళ్లీ గదిలోకే లాగి కిందికి దించాలి. లోపల ఒకరు లాగుతుంటే బయట ఒకరు నెట్టాలి. మిల్లు పక్కనే ఇల్లు కావడంతో దీని వీపు మీద ఊక పేరుకుని, వానకు తడిసి, ఎండకు ఎండి, అలికిన మట్టిలా గట్టిపడింది.

"జర గట్టిగ నూకు రా భాస్కర్," లోపలి నుంచి కార్తీక్ అన్నాడు.

భాస్కర్ భుజం ఆనించి నెట్టాడు. రేకు అంచు భుజాన్ని కోసింది. మిషన్ కిర్రుమని కదిలి లోపలికి జారింది. లోపల కార్తీక్‌కు తోడుగా మిల్లు హమాలీ గోపయ్య ఒక పక్క పట్టాడు. ఇద్దరూ దాన్ని మెట్ల మీదుగా వాకిట్లోకి మోసుకుపోయారు. భాస్కర్ సజ్జ మీదే ఉండి చిన్న పారతో డబ్బా గోకడం మొదలుపెట్టాడు.

ఇల్లు కార్తీక్ వాళ్లది. మిల్లు అతని నాయన దామోదర్‌ది. ఈ ఏసీ ఉన్న పైగదిలో ఉండేది నానమ్మ పుష్పమ్మ. కింద దుమ్ముకు ఆయాసం వస్తోందని ఆమె మంచం పైకి మార్చారు.

కార్తీక్, భాస్కర్ సూర్యాపేట ఐటీఐలో ఒకే బెంచీ మీద చదివారు. తర్వాత ఆ ఊళ్లోనే ఏసీలు బాగుచేసే షాపు పెట్టారు. పెట్టుబడి చెరి సగం. కార్తీక్ సగం వాళ్ల నాయన ఇచ్చాడు. భాస్కర్ సగం కోసం మోతెలో వాళ్లమ్మ సరోజ, పత్తి ఏరిన కూలితో కట్టుకున్న చిట్టీ ఎత్తింది. షాపు తెరవకముందే పని పంచుకున్నారు. "నాకు మాటలొస్తయ్, లోపట నేను జూస్త. నీకు ఎత్తంటే భయం లేదు, బయట నువ్వు జూడు," అన్నాడు కార్తీక్. భాస్కర్‌కు అది గొప్పగానే తోచింది. కోదాడలో లాడ్జీ గోడ మీద తాడు కట్టుకుని పని చేస్తుంటే రోడ్డు మీద జనం ఆగి చూసేవాళ్లు. అప్పుడు కాస్త ఛాతీ కూడా విరిచేవాడు, పిచ్చి నాయన.

కార్తీక్ పనిసంచిలో ఎప్పుడూ కాగితం కప్పుల కట్ట ఉండేది. ఏ ఇంట్లో చాయ్ ఇచ్చినా భాస్కర్ వాటా కప్పులో పోసి తనే బయటికి తెచ్చి ఇచ్చేవాడు. "ఆడోళ్లకు గిలాసలు తోమే పని ఎందుకు వెట్టాలె," అనేవాడు. ఎంత మంచి బుద్ధి అనుకుని భాస్కర్ ఆ మాట ఇంటికెళ్లి భార్య అరుణకు కూడా చెప్పాడు.

డబ్బా అడుగున కందిరీగల గూడు ఉంది. దాన్ని మెల్లగా తీయడానికి భాస్కర్ వంగాడు. అప్పుడే మిల్లు భోజనాలకు ఆగింది, గదిలోకి ఎవరో వచ్చిన చప్పుడైంది; వంగి ఉన్న భాస్కర్ వాళ్లకు కనపడలేదు. మిషన్ తీసేసిన కన్నంలోంచి మాటలు పక్కనే ఉన్నట్టు వినిపించాయి.

"కార్తీ, ఆ పిలగాడు ఏడున్నడు?" పుష్పమ్మ గొంతు.

"దిగిండు నానమ్మా. కింద మిషన్ కడుగుతుండు."

"లోపటికి రాలే గద?"

"రాలే."

"మోతె వాడోళ్ల పిలగాడంట గదరా. షాపుల సగం వానిదని మీ నాయన అంటుండె. గా పొత్తు ఎందుకు బిడ్డా మనకు?"

కార్తీక్ నవ్వాడు. ఆ నవ్వు భాస్కర్‌కు బాగా తెలుసు. బేరం కుదిరేముందు గిరాకీల దగ్గర నవ్వే నవ్వు.

"పొత్తు షాపు కాడికే నానమ్మా. గిరాకోళ్లకు మా పనోడనే చెప్త. షాపు వెట్టిన కాడికెల్లి గదే పద్ధతి, లోపట నేను, బయట వాడు. ఒక్క ఇంట్ల గూడ గడప దాటనియ్యలే. చాయ్ గూడ కాయితం కప్పులనే పోస్త."

"ఎరుకైతే ఊకుంటడా?"

"వానికేం ఎరుక? బయట పనికి నేనే మొనగాణ్ణని మురుస్తడు."

పుష్పమ్మ దగ్గి, ఊపిరి తీసుకుని అంది. "ఎట్లనో ఒకట్ల, నువ్వు తెలివిగల్లోడివి. పాపం ఎండల చేస్తుండు, ఇంత సల్ల పొయ్యి."

భాస్కర్ పారను మెల్లగా సజ్జ మీద పెట్టాడు. పుష్పమ్మ మాటలు అతనికి కొత్త కావు. అలాంటి ముసలమ్మలు మోతెలోనూ ఉన్నారు, ఊరి చివరి వాడ పిల్లలు తమ వాకిళ్ల ముందు ఎక్కడ నిలబడాలో చిన్నప్పుడే నేర్పారు. కార్తీక్ మాటే అతన్ని నరికేసింది. దసరాకు మోతె వచ్చి, సరోజ వండిన కోడికూర మళ్లీ మళ్లీ పెట్టించుకుని, ఆ ఇంటి మంచం మీదే పడుకుని లేచిన కార్తీక్. షాపు తెరిచిన రోజు సరోజ చర్చిలో ప్రార్థన చేయించుకుని కొత్త చీర కట్టుకుని వస్తే, "లోపట ఉక్కపోస్తది అమ్మా, బయట గాలికి కూసో," అని కుర్చీ కూడా తనే వేసిన కార్తీక్. ఆమె ఆ రోజంతా రోడ్డు పక్కన కూర్చుని, వచ్చేపోయే వాళ్లకు నా కొడుకు షాపని చెప్పుకుంది. ఆ కుర్చీ బయట ఎందుకు వేశాడో భాస్కర్‌కు ఇప్పుడు అర్థమైంది. తనను ఏమన్నా ఓర్చుకునేవాడేమో. అమ్మను ఆ కుర్చీలో కూర్చోబెట్టడాన్ని ఓర్చుకోలేకపోయాడు.

చప్పుడు కాకుండా నిచ్చెన దిగాడు. వాకిట్లో మిషన్ దగ్గర కూర్చుని పంపు పెట్టాడు. నీళ్లు తగలగానే ఊక బురదై కారింది. పని చెడగొట్టడం అతనికి రాదు. ఎప్పటిలాగే రేకులు వంగకుండా, మోటారుకు తడి తగలకుండా, శుభ్రంగా కడిగాడు. గోపయ్య పక్కన చుట్ట కాలుస్తూ చూస్తున్నాడు.

కార్తీక్ వచ్చాడు. ఒక చేతిలో మజ్జిగ చెంబు, ఇంకో చేతిలో నిండిన కాగితం కప్పు.

"తాగు రా. ఎండకు నల్లగైనవ్."

భాస్కర్ పంపు ఆపాడు. "గిలాసల తే," అన్నాడు.

"ఏంది?"

"ఇంట్ల గిలాసలుంటయ్ గద. గిలాసల తే, తాగుత."

కార్తీక్ అతని ముఖం వంక చూశాడు. తర్వాత తలెత్తి పైన గోడలో నల్లగా తెరుచుకున్న కన్నం వంక చూశాడు. గొంతు తగ్గించాడు.

"విన్నవా. అరే, ముసల్దాని ముందు ఏదో అంట. నీకోసమే జేసిన్రా. ఉన్నదున్నట్టు చెప్తే మనకు పని దొరుకుతదా?"

"నన్ను అడిగినవా?"

"అడిగితే నువ్వు బాధవడ్తవని..."

"మా అమ్మను బయట కూసోవెట్టినప్పుడు గూడ నాకోసమేనా?"

మాటలొచ్చిన కార్తీక్ కప్పును మళ్లీ ముందుకు చాపాడు. భోజనాల వేళ ఆగిన మిల్లు మళ్లీ మొదలైంది. ఊక దుమ్ము గాలికి లేచి గోడ ఎక్కి, ఆ కన్నంలోంచి గదిలోకి పోతోంది. పైన పుష్పమ్మ దగ్గు అందుకుంది.

"కార్తీ, ఊపిరాడ్తలేదురా. జల్ది మూయి ఆ బొక్క."

"ముందు మిషన్ ఎక్కిద్దాం. తర్వాత మాట్లాడుకుందాం. నానమ్మ పరేషాన్ అయితుంది," అన్నాడు కార్తీక్. "నువ్వు సజ్జ ఎక్కు."

భాస్కర్ తడి చేతులు తుడుచుకున్నాడు. మిషన్‌కు ఒక పక్క వంగి పట్టు చూసుకున్నాడు.

"ఇయ్యాల నువ్వెక్కు," అన్నాడు. "లోపట నేను జూస్త."

గోపయ్య చుట్ట ఆర్పి వచ్చి రెండో పక్క పట్టాడు. ఇద్దరూ మిషన్‌ను లేపి గడప ముందుకు తెచ్చారు. అక్కడ గోపయ్య ఆగి వెనక్కి తిరిగాడు.

"ఈ పిలగానితోనే లోపటికి బట్కపోదామా, చిన్న పటేలా?"

కార్తీక్ నిచ్చెన వంక చూశాడు, గడప వంక చూశాడు. చేతిలో కప్పు మెత్తబడి చల్ల వేళ్ల సందుల్లోంచి కారుతోంది. పైన దగ్గు ఆగడం లేదు. బరువు భుజాలను లాగుతున్నా భాస్కర్ మిషన్‌ను కింద పెట్టలేదు.