ఎవ్‌దోకియాను చూడటానికి

ఏథెన్స్ నుంచి వచ్చిన దంపతులు ఇగ్నాతీస్ మోటారు బోటును వారానికి మాట్లాడుకున్నారు. సామోస్ ద్వీపం దక్షిణపు ఒడ్డున బయలుదేరి, ద్వీపం నుంచి ద్వీపానికి తిరుగుతూ, నచ్చినచోట లంగరు వేసి ఈత కొడుతూ, ఏ పూటకు ఆ పూట దొరికిన రేవులో చేపలు కాల్పించుకు తింటూ సెలవులు గడపాలని వాళ్ళ ఆలోచన. భర్త పేరు లెయాండ్రోస్, పళ్ళ డాక్టరు. భార్య మీర్తో బడిలో సంగీతం చెబుతుంది. ఇద్దరూ మంచివాళ్ళే. అడిగినవన్నీ మర్యాదగానే అడిగారు. వాళ్ళ మంచితనమే ఇగ్నాతీస్ కొంప ముంచింది.

బయలుదేరే రోజు పొద్దున అతను బోటులో డీజిలు పోస్తుంటే, లెయాండ్రోస్ పక్కనున్న రేకుల షెడ్డులోకి తొంగిచూశాడు. లోపల ఇగ్నాతీస్ తండ్రి పాంతెలీస్ మేస్త్రీ ఎవరిదో తెడ్డుకు చిత్రిక పడుతున్నాడు. ఆ ఒడ్డున చెక్క పడవలు కట్టినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. పడవలు కట్టించుకునేవాళ్ళు లేక ఇప్పుడు తెడ్లూ, తలుపులూ బాగుచేస్తున్నాడు.

"మేస్త్రీగారూ, ఒక చెక్క పడవ కట్టించుకోవాలని నా చిన్నప్పటి కోరిక. మీరు కడతారా?" అని అడిగాడు లెయాండ్రోస్.

ముసలాయన చిత్రిక పక్కన పెట్టాడు. "కట్టడం సంగతి తర్వాత. నేను కట్టిన ఆఖరి పడవను ముందు చూడండి. ఎవ్‌దోకియా. మా ఆవిడ పేరు. మావాడు దానిమీదే పదిహేనేళ్ళు చేపలు పట్టాడు. తర్వాత లేరోస్ ద్వీపంలో ఒకాయనకు అమ్మాడు. ఇప్పటికీ నీళ్ళమీద పెళ్ళికూతురిలా ఉంటుందట."

"లేరోస్ మన దారిలోదే కదా! మీరూ రండి. మీ నోటితో వింటూ చూస్తే ఆ తృప్తే వేరు."

డీజిలు పొంగి ఇగ్నాతీస్ చెప్పుల మీద పడింది.

ఎవ్‌దోకియా లేరోస్‌లో లేదు. ఎక్కడా లేదు. చేపలు తగ్గిపోయిన ఆ రోజుల్లో, చేపల లైసెన్సు వదులుకునేవాళ్ళకు ప్రభుత్వం డబ్బిచ్చింది. అయితే లైసెన్సుతో పాటు పడవనూ అప్పగించాలి. అప్పగించిన పడవను అధికారుల ఎదుట విరగ్గొట్టాలి. అమ్ముకోవడానికి లేదు, గట్టున బొమ్మలా నిలబెట్టుకోవడానికీ లేదు. ఇగ్నాతీస్ చాలా రోజులు తటపటాయించి చివరికి సంతకం పెట్టాడు. సొంత రేవులో అయితే తండ్రి కళ్ళముందే జరుగుతుందని పడవను లేరోస్‌కు తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి, సకెల్లారీస్ అనే ఆయన కొన్నాడని చెప్పాడు. ఆ పేరు వచ్చేదారిలో ఓడ మెట్ల మీద కూర్చుని అల్లుకున్నదే. ఆ డబ్బుతోనే ఈ తెల్లటి మోటారు బోటు వచ్చింది.

అబద్ధం అక్కడితో ఆగితే బాగుండేది. తండ్రి ఊరుకోలేదు. "ఒరేయ్, ఎవ్‌దోకియా కబుర్లేమైనా తెలిశాయా?" అని అడుగుతూనే ఉండేవాడు. ఇగ్నాతీస్ ఏదో ఒకటి చెప్పేవాడు. కొత్తగా నీలం రంగు వేశారట. పెద్ద కత్తిచేప పడిందట. సకెల్లారీస్ కూతురి పెళ్ళికి దీపాలతో అలంకరించారట. ఆ కబుర్లు పట్టుకుని ముసలాయన కాఫీ హోటలుకు వెళ్ళి అందరికీ చెప్పుకునేవాడు. ఊళ్ళో అందరికీ అసలు సంగతి తెలుసు. తలలూపుతూ వినేవాళ్ళు.

బోటు కదిలేముందు భార్య మర్యాంథి రొట్టెల సంచీ అందిస్తూ అతని చెయ్యి పట్టుకుంది. "చెప్పెయ్యి. ఇప్పుడే చెప్పెయ్యి."

"ఇంతమంది ముందా?"

"ఈ ఇంతమందికీ తెలిసిందేగా. తెలియంది ఆయనొక్కడికే."

"దారిలో చెప్తాలే."

"దారిలో నువ్వు చెప్పవు. నీ సంగతి నాకు తెలీదా?"

ముసలాయన చర్చికి వేసుకునే కోటు వేసుకుని వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. ఈ తెల్లబోటును ఎప్పుడు చూసినా సబ్బుపెట్టె అని వెక్కిరించే మనిషి, ఆ రోజు మారుమాట లేకుండా ఎక్కి ముందుభాగాన కూర్చున్నాడు.

ఫూర్నీ దగ్గర ముదురు నీలంగా ఉన్న నీళ్ళలో దంపతులు ఈదారు. పాత్మోస్‌లో ఇగ్నాతీస్ ఒక ఎత్తు వేశాడు. వేసవిలో ఉత్తరం నుంచి ఉధృతంగా వీచే మెల్టెమి గాలి లేచేలా ఉంది, లేరోస్ వైపు వెళ్ళడం మంచిది కాదు, ఇక్కడే ఉండి వెనక్కి తిరుగుదామన్నాడు. లెయాండ్రోస్ పాపం సరేనన్నాడు. ముసలాయన మాత్రం సముద్రం వంక చూసి నవ్వాడు.

"ఏంట్రా, ఎప్పుడూ లేనిది ఇంత పిరికివాడివయ్యావు? ఈ నీళ్ళమీద పసిపిల్లను ఉయ్యాలలో వేసి పంపినా క్షేమంగా చేరుతుంది. నువ్వు బోటు తియ్యి."

ఆ మధ్యాహ్నం రేవు పక్క హోటల్లో కాల్చిన ఆక్టోపస్ తింటూ మీర్తో అడిగింది, "పడవకు మీ ఆవిడ పేరు పెట్టారు కదా, ఆవిడేమన్నారు?"

"ఆవిడ చూడలేదమ్మా. పడవ సగంలో ఉండగా పోయింది. పని ఆపేశాను. గొడ్డలి పట్టుకోబుద్ధి కాలేదు. వీడు అప్పుడు కుర్రాడు. ఒకరోజు షెడ్డులోకి వచ్చి, నాన్నా, అమ్మను సగంలో వదిలేస్తావా అన్నాడు. ఆ మాటతో మళ్ళీ మొదలుపెట్టాను." ఆయన కొడుకు భుజం తట్టాడు. "వీడే లేకపోతే ఎవ్‌దోకియా లేదు."

దంపతులిద్దరూ ఇగ్నాతీస్ వంక ఆప్యాయంగా చూశారు. అతను ఇంకో నిమ్మకాయ కావాలని హోటలువాణ్ణి కేకేశాడు. చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. తర్వాత తండ్రి గట్టుమీద ఒంటరిగా చుట్ట కాల్చుకుంటుంటే పక్కకు వెళ్ళి నిలబడ్డాడు కూడా. "నాన్నా" అన్నాడు. "ఏరా?" అన్నాడు తండ్రి. "చలిగా లేదా?" అని అడిగి వచ్చేశాడు.

లేరోస్‌లో చేపల రేవు పెద్దదేమీ కాదు. బోటు కట్టకముందే ముసలాయన గట్టుమీదకు దూకినంత పని చేశాడు. నీలం పడవ కనిపించినప్పుడల్లా ముందుకు వంగి చూస్తూ, కాదని తల అడ్డంగా ఊపుతూ నడిచాడు. దంపతులు ఆయన వెంటే వెళ్ళారు. ఇగ్నాతీస్ పరుగున వచ్చి కలుసుకున్నాడు.

"నాన్నా, ఇక్కడ ఉండకపోవచ్చు. మళ్ళీ ఎవరికో అమ్మేశాడని విన్నాను."

"ఎవరికి?"

"తెలీదు."

"మరి మొన్న పండక్కి రంగులేశారన్నావు?"

వల బాగుచేసుకుంటున్న ఒక లావుపాటాయన దగ్గరికి ముసలాయన వెళ్ళాడు. "బాబూ, సకెల్లారీస్ ఇల్లెక్కడ? ఎవ్‌దోకియా అనే పడవుంది ఆయనకి."

"సకెల్లారీసా? ఆ పేరుగలవాళ్ళు ఈ రేవులో లేరు పెద్దాయనా." ఆ మనిషి తలెత్తి ఇగ్నాతీస్‌ను చూశాడు. మొహం విప్పారింది. "ఆగాగు. నిన్ను చూశాను నేను. సామోస్ నుంచి వచ్చావు కదూ? పడవ విరగ్గొట్టించుకోడానికి! ఎలా మర్చిపోతాను? అలాంటి గట్టి పడవను నేను చూడలేదు. ఇనప పళ్ళ యంత్రం మీద పడి కొడుతుంటే ఎగిరి పడుతుందే కానీ లొంగదే! మేమంతా నోరు తెరుచుకు చూస్తున్నాం. ఈయనేమో, ఓడ టైమైపోతోంది, త్వరగా కానివ్వండి బాబూ అని యంత్రం నడిపేవాడి ప్రాణం తీశాడు." అతను పెద్దగా నవ్వాడు. అవతల ఎవరూ నవ్వకపోవడం చూసి ఆపాడు.

మీర్తో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముసలాయన కొడుకు వైపు తిరగలేదు. వలాయన్నే అడిగాడు.

"ముందు ఎక్కడ విరిగింది?"

"ఏమోనండీ... పక్కలు ముందు పోయాయి."

"అడుగు దూలం?"

"అది విరగలేదు. చివరికి రంపం తెచ్చి కోశారు."

ముసలాయన మెల్లగా తల పంకించాడు. కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. తర్వాత కొడుకుతో అన్నాడు, "మర్యాంథికి తెలుసా?"

"తెలుసు నాన్నా."

"కాఫీ హోటల్లో?"

"అందరికీ తెలుసు. నీకు బాధ కలుగుతుందని ఎవరూ..."

"కత్తిచేప కథ కూడా చెప్పాను వాళ్ళకి. చేతులు బారజాపి ఇంతుంది అని చూపించాను. దీపాల సంగతీ చెప్పాను."

"చేపలు లేవు నాన్నా. బతకాలి కదా. నేనేం చెయ్యను?"

"బతకాలి. ఆ మాటే నాతో అనుంటే షెడ్డులోంచి గొడ్డలి తెచ్చి నేనే విప్పేవాణ్ణి. కట్టినవాడికి విప్పడం రాదా? దగ్గరుండి ఒక్కో చెక్కా విప్పేవాణ్ణి."

లెయాండ్రోస్ దగ్గరికొచ్చి ఏదో ఓదార్పు మాట అనబోయాడు. ముసలాయన ఆయన చెయ్యి పట్టుకుని, "మీ సెలవులు పాడుచేశాను, ఏమనుకోకండి బాబూ" అన్నాడు. ఆ సాయంత్రం ఓడకే సామోస్ వెళ్ళిపోయాడు. తెల్లబోటు మళ్ళీ ఎక్కలేదు.

ఇగ్నాతీస్ వెనకే వెళ్ళిపోవాలనుకున్నాడు. కానీ దంపతులు బోటు మాట్లాడుకున్న రోజులు ఇంకా మిగిలే ఉన్నాయి. మర్నాడు భోజనాల దగ్గర లెయాండ్రోస్ మొహమాటపడుతూనే అడిగాడు, లిప్సీ దగ్గర తెల్ల ఇసుక ఒడ్డుందట కదా, వీలైతే చూపిస్తారా అని. వీలైంది. చూపించాడు. వాళ్ళు ఈదుతుంటే బోటులో కూర్చుని తువ్వాళ్ళు ఆరేశాడు. వెళ్ళేటప్పుడు మీర్తో అతని చేతులు పట్టుకుని, "కాలమే నయం చేస్తుంది" అంది. తర్వాత స్నేహితులందరికీ ఇతని బోటు గురించి మంచిగా చెప్పింది కూడా. మరుసటి వేసవికి ఖాళీ లేకుండా జనం వచ్చారు.

ఇంట్లో తండ్రి గొడవ పెట్టుకోలేదు. అలిగి ఎక్కడికీ పోలేదు. అదే బల్ల దగ్గర, అదే కుర్చీలో కూర్చుని తిన్నాడు. కాఫీ హోటలుకు వెళ్ళడం మానేశాడు. లెయాండ్రోస్ ఫోను చేసి పడవ సంగతి మళ్ళీ ఎత్తితే, "చేతులు బాగానే ఉన్నాయి బాబూ, కానీ కట్టను" అని పెట్టేశాడు. ఇంట్లో మారింది ఒక్కటే. ఇగ్నాతీస్ తిరిగొచ్చిన మొదటి రోజు ఉప్పుగిన్నె కోసం చెయ్యి చాపుతూ కొడుకుతో అన్నాడు, "కాస్త అది ఇటు ఇస్తారా?"

ఇగ్నాతీస్ వెటకారమనుకున్నాడు. కోపం తగ్గితే పోతుందనుకున్నాడు. పోలేదు. వెటకారం గొంతులో ఎక్కడా లేదు. రేవులో కొత్తవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. భోంచేశారా? మీకు ఫోనొచ్చింది. తలుపు వేసుకోండి, గాలి వస్తోంది.

శీతాకాలంలో ఒకరోజు ఇగ్నాతీస్ షెడ్డుకు వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర రంపపు పొట్టులో కూర్చుండిపోయాడు. "తిట్టు నాన్నా. కొట్టు. ఒరేయ్ అను ఒక్కసారి."

"లేవండి. బట్టలు పాడవుతాయి" అన్నాడు పాంతెలీస్ మేస్త్రీ.

వేసవి రాగానే బోటు మాట్లాడుకోవడానికి ఒక డచ్చి కుటుంబం షెడ్డు దగ్గరికి వచ్చింది. వాళ్ళలో గ్రీకు వచ్చిన ఒకామె, మీ అబ్బాయి ఎక్కడున్నాడని అడిగింది. ఇగ్నాతీస్ అప్పుడు గోడ అవతలే తాడు చుడుతున్నాడు.

"బోటాయనా?" అంటోంది తండ్రి గొంతు, ఎంతో మర్యాదగా. "రేవులో ఉంటారమ్మా. వెళ్ళి మాట్లాడుకోండి. పనిలో మంచి మనిషే."