పుణ్యస్త్రీల ఆయుష్షు

పంతొమ్మిది వందల అరవై నాటి మాట. కామాక్షమ్మ గంజి వార్చి గిన్నె దించుతుంటే, పీట మీద కూర్చున్న మొగుడు పద్మనాభయ్య పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "స్వీడన్ దేశంలో మనిషి డెబ్బై దాటి బతకతాడంట. మనకి నలభై దాటితే గొప్పంట. ఇంకో వింత చూడు. అక్కడ మగోళ్ళకంటే ఆడోళ్ళే ఎక్కువ కాలం ఉంటారంట. మనకాడ ఆడోళ్ళే ముందు పోతారంట."

"అయితే ఆ దేశం నిండా ముండమోపులేనన్న మాట," అంది అత్త వెంకటశేషమ్మ. "మనోళ్ళు పుణ్యస్త్రీలు. పసుపూ కుంకాలతో పోతారు."

పద్మనాభయ్య నవ్వాడు. నవ్వడా మరి, లెక్క ఆయన వైపే మొగ్గింది.

ఆ మాటన్న వెంకటశేషమ్మ, మొగుడు పోయి ముప్పై ఏళ్ళయినా గుండ్రాయిలా ఉంది. ఇంట్లో ఎవరికి ఎంత పెట్టాలో ఆమే చెబుతుంది. పద్మనాభయ్య మొదటి పెళ్ళాం ఇరవై ఏళ్ళకే కాన్పులో పోతే, ఎంత పుణ్యం చేసుకుందోనని కోవూరంతా చెప్పుకుంది. ఏటా ఆమె పేర కొత్తచీర పెట్టి, విస్తట్లో నెయ్యి ధారగా పోసి వడ్డిస్తారు. ఆ నెయ్యి చూసినప్పుడల్లా కామాక్షమ్మకు ఒళ్ళు మండుతుంది. బతికున్నన్నాళ్ళూ ఆ పిల్లకు దక్కింది మగాళ్ళు తినగా మిగిలిన అడుగూ బొడుగే కదా. చస్తే గానీ ఈ ఇంటి ఆడదానికి నెయ్యి చుక్క పడదా?

ఇప్పుడు కామాక్షమ్మకు ఆరో నెల. మొన్న నెల్లూరు ఆసుపత్రిలో నర్సు నవోమి కనురెప్ప కిందికి లాగి చూసి కోప్పడింది. "ఒంట్లో రక్తమే లేదక్కా. ఇట్టనే వచ్చినావంటే కాన్పులో నిన్ను నిలబెట్టడం మా వల్ల కాదు. గుడ్లు తిను, పాలు తాగు, కడుపునిండా అన్నం తిను."

ఇంటికొచ్చి చెబితే అత్త మూతి తిప్పింది. "కడుపుతో ఉన్నది మెక్కితే బిడ్డ బలిసి కాన్పు కష్టమవతాది. మొదటిదానికీ నేను ఇట్టనే కట్టడి చేసినా." ఆ మాట గొప్పగానే చెప్పుకుంది. కామాక్షమ్మకు నెయ్యి పోసిన ఆ విస్తరి కళ్ళ ముందు మెదిలింది. పక్కనే ఉన్న మొగుడు విననట్టు లేచిపోయాడు.

"ఏందే చూస్తన్నావు? వడ్డించు," అన్నాడు పద్మనాభయ్య పేపరు మడిచి.

కామాక్షమ్మ ఇంకో పీట వాల్చుకుంది. మొగుడి విస్తరి ఖాళీగా ఉండగానే తన విస్తట్లో వేడన్నం పెట్టుకుని, ఆయన కోసం వండిన గుడ్ల పులుసు వేసుకుని, కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది.

"మొగుడికంటే ముందు ముద్దెత్తినావే. పాపం పుణ్యం లేదా నీకు?" అంది అత్త.

కామాక్షమ్మ నమిలి మింగింది. మొగుడి మొహంలోకి చూస్తూనే అత్తకు జవాబు చెప్పింది.

"పుణ్యం నాకొద్దత్తా. నేను నీ మాదిరి ముసిల్దాన్ని కావాల."