పరీక్షలన్నీ యమునకే

యమున చేటలో బియ్యం ఏరుతుంటే అత్త కూర్మమ్మ గుమ్మంలో నిలబడింది. "రేపు ఇజీనగరం ఎల్లాల. కొత్త డాక్టరమ్మంట. నీ కడుపులో లోపమేటో ఈసారైనా తేలుస్తాది."

పెళ్లై నాలుగేళ్లు. రక్తపరీక్షలు, స్కానింగులు, చేదు కషాయాలు అన్నీ యమునకే. గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసే భర్త తిరుమలరావు తనను తాకి రెండేళ్లు దాటిందని అత్తకు తెలీదు. మొదట్లో దగ్గరకొచ్చేవాడు. ఒళ్లు సహకరించక అటు తిరిగిపోయేవాడు. "సెమట కంపు" అన్నాడొకసారి. ఆమె రెండుపూటలా తలంటుకుంది. "కట్టెలా పడుంటావు" అన్నాడు. తనే చొరవ తీసుకుంటే, "ఇయన్నీ ఎక్కడ నేర్సినావే?" అని ఫోన్ లాక్కున్నాడు. ఎలా ఉంటే సరో ఆమెకు అంతుపట్టలేదు. తోటివాళ్లు పిల్లల మాట ఎత్తుతున్నారని అతను క్యాంటీన్ మానేశాడు. యమున తెల్లారకముందే లేచి అతనికి క్యారేజీ కడుతూ, అతని మీద తనకున్నది జాలో కోపమో తేల్చుకోలేకపోయేది. ఒకవేళ తప్పు నిజంగా తనదేనేమో!

"ఇద్దరూ బాగానే కలుస్తున్నారా?" అని మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. పక్కనే అత్త. యమున తలూపింది. ఆ అబద్ధం ఎవరి కోసం ఆడిందో ఆమెకే తెలియలేదు. డాక్టరమ్మ ఒక్క క్షణం చూసి, కూర్మమ్మను బయట కూర్చోమంది. అప్పుడు యమున ఏడుస్తూ అంతా చెప్పింది.

"ఇది నీ లోపం కాదమ్మా. షుగర్ వల్ల కావచ్చు, దిగులు వల్ల కావచ్చు. వైద్యం ఉంది. ఆయన్ని తీసుకురా."

ఇంటికొచ్చి చెబితే తిరుమలరావు మండిపడ్డాడు. "నాకేటి రోగం? ఊరంతా సాటింపేస్తావా?"

మూడోరోజు చొక్కా వేసుకుంటూ, "నీకు తోడొస్తన్నానంతే" అన్నాడు. కూర్మమ్మ కూడా బయల్దేరింది.

ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి చీటీ తీసింది. "పేషెంట్ పేరు?"

"యమునని రాయమ్మా" అంది కూర్మమ్మ, వెనక నుంచి.

యమున కౌంటర్‌కి దగ్గరగా జరిగింది. ఇంతమందిలో అతని పేరు చెబితే పరువు తీసినట్టా? మరి నాలుగేళ్లుగా తీసింది ఎవరి పరువు?

"తిరుమలరావు" అంది. "వయసు ముప్పైమూడు."

కూర్మమ్మ నోరు తెరిచింది. తిరుమలరావు బెంచీ మీంచి లేచాడు. వెళ్లిపోతాడనుకుంది యమున. అతను కౌంటర్ దాకా వచ్చాడు. ఆమె వైపు చూడలేదు.

"ముప్పైనాలుగు" అన్నాడు, నేలచూపులు చూస్తూ. "సరిగ్గా రాయండి."