ఒకే బకెట్లో కలిపిన ఎరువులు

మొక్కజొన్న మోకాలెత్తుకి వచ్చేసరికి ఆకులు ఊదారంగుకి తిరిగాయి. కిందటి పంటా ఇలాగే మొదలై, గింజ పట్టని కండెలతో ముగిసింది. భర్త పోయాక ఆ చేనుని లాక్కొస్తున్నది కోడలు, ఆమె మామగారు, ఇద్దరే.

"బస్తా ఎరువు తగ్గించావు, అందుకే," అన్నాడు మామగారు.

"నిండుగా వేసినప్పుడు మాత్రం పండిందా మామయ్యా? నేలలో ఉన్నది మొక్కకి అందట్లేదు."

ఆమె భూసార పరీక్ష చేసేచోటికి పోయి జీవన ఎరువు పొట్లాలు తెచ్చింది. నేలలో బిగుసుకున్న భాస్వరాన్ని కరిగించి వేళ్ళకందించే సూక్ష్మజీవులు అందులో ఉంటాయని అక్కడావిడ చెప్పింది. బస్తాల్లో వచ్చే రసాయన ఎరువు మానక్కర్లేదు, కాస్త తగ్గిస్తే చాలు. కానీ రెండూ కలిపి వేయకూడదు. ముందు ఈ పొడిని మాగిన పేడ ఎరువుతో కలిపి వేసి, కొన్నాళ్ళాగి బస్తా ఎరువు వేయాలి.

పొట్లాలు గట్టున పెట్టి, పేడ ఎరువు కోసం హడావిడిగా ఇంటికెళ్ళింది. రెండూ కలపకూడదన్న సంగతి మామగారికి చెప్పనేలేదు.

తిరిగొచ్చేసరికి ఆయన బకెట్టుతో సాళ్ళ మధ్య ఉన్నాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది.

"నీకు శ్రమ తప్పుతుందని ఆ పొట్లాలూ బస్తా ఎరువూ నీళ్ళలో కలిపి పోసేశానమ్మా. కాలవ పక్క మడి ఒక్కటే మిగిలింది."

"చంపేశావు మామయ్యా!" అని గట్టు మీద కూలబడింది. "అవి ప్రాణమున్నవి. ఆ ఘాటుకి బతుకుతాయా?"

ఆయన బకెట్టు కింద పెట్టాడు. "నా చేతిలో ఏదీ బతకదులే. కొడుకునే నిలుపుకోలేకపోయాను."

అన్న మాట వెనక్కి రాదు. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా మళ్ళీ భూసార పరీక్ష చేసేచోటికి పరుగెత్తింది.

"సరుకైపోయింది. కొత్తది తయారయ్యేసరికి నీ పంటకి అదను దాటిపోతుంది," అందావిడ.

"అక్కా, కాళ్ళు పట్టుకుంటా. ఎంతుంటే అంతివ్వు."

నమూనాకని దాచిన పొట్లం ఒక్కటి దొరికింది. సాయంత్రం మామా కోడళ్ళు కాలవ పక్క మడిలో ఒక్కో మొదలు దగ్గరా ఆ పొడిని పేడ ఎరువుతో కలిపి వేసి, మట్టి కప్పి, తడిపెట్టారు. ఆగాల్సినన్నాళ్ళు ఆగి బస్తా ఎరువు వేశారు.

ఆ మడి తేరుకుంది. కొత్తాకులు పచ్చగా విచ్చుకున్నాయి. మిగతా చేను గిడసబారిపోయింది.

దాన్ని పశువుల మేతకి మామగారే కోశాడు, ఆమెని కొడవలి పట్టనివ్వలేదు.

"మామయ్యా, ముందే చెప్పకపోవడం నాదే తప్పు."

"నేనూ అడగలేదుగా," అన్నాడు తలెత్తకుండా.

ఆ ఒక్క మడి పంట ఇద్దరికీ ఏడాది పొడుగునా చాలదు. ఆయన కోసిన మేతని ఆమె మోపులు కట్టసాగింది.