అండాలమ్మ చిరునామా

మలక్‌పేటలో వకీలు శ్రీరామమూర్తిగారి దగ్గర నేను టైపిస్టుని. తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నాను.

రాష్ట్రం విడిపోయి ఏడాది తిరక్కుండానే, ఆంధ్రలో పన్ను కట్టిన బస్సులకి తెలంగాణలోనూ కట్టాలన్నారు. కట్టని పది బస్సుల్ని అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఆపేశారు. యజమానులు హైకోర్టుకెక్కారు. వాళ్ళలో తొమ్మిది మంది విజయవాడ వాళ్ళు. వాళ్ళ అఫిడవిట్లలో రాసినట్టే పదోదాంట్లోనూ 'నేను ఆంధ్రప్రదేశ్ నివాసిని' అని టైపు కొట్టేశాను.

ఆ పదో మనిషి అండాలమ్మ. నల్గొండ నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళుగా ఎల్బీనగర్‌లో ఉంటోంది. విజయవాడలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆ ఒక్క బస్సే ఆమెకు బతుకుతెరువు.

"ఏం రాసినవో జర సదువు బిడ్డా," అంది. చదివాను. ఆమె మొహం ఎర్రబడింది.

"నేనెప్పుడు ఆంధ్ర నివాసినైన? సకల జనుల సమ్మెల ఎల్బీనగర్ చౌరస్తాల కూసున్న. లాఠీదెబ్బకు చెయ్యి ఇరిగింది. తీసెయ్ గా మాట."

శ్రీరామమూర్తిగారు తల పట్టుకున్నారు. "అమ్మా, మా టైపిస్టు సూర్యప్రభ పొరపాటున రాసిందే మీకు మేలు. ఇక్కడి మనిషినంటే, బండి నంబరు ఇక్కడికెందుకు మార్చుకోలేదని నిలదీస్తారు. ఆంధ్ర అని సంతకం పెట్టండి, రేపే బస్సు వదులుతారు. లేదంటే కోర్టు వేసవి సెలవులు అయ్యేదాకా అక్కడే ఎండుతుంది."

"ఎండనీ సారూ. అబద్ధమాడి గెలుసుడు నాకొద్దు."

నాకు ఒళ్ళు మండింది. "నేను పుట్టింది గుంటూరులో, పెరిగింది దిల్‌సుఖ్‌నగర్‌లో. ఆంధ్ర అనిపించుకోవడం అంత నామోషీనా అండీ?" అని అడిగేశాను.

"నువ్వు గుంటూరంటే నిజం. నేనంటే అబద్ధం. గంతే బిడ్డా."

ఆ మాట తీసేసి ఎల్బీనగర్ అని మార్చాను. ఆమె గుండెధైర్యం చూసి కుళ్ళుకున్నాను కూడా.

మర్నాడు ఒకే తరహా కేసులని ఆ తొమ్మిదింటినీ కలిపి విన్నారు. బస్సులు వదిలెయ్యమన్నారు. అండాలమ్మ కేసు సెలవుల తర్వాతకి పోయింది.

వరండాలో ప్రభుత్వ వకీలు ఆమెను చూసి నవ్వాడు. "తెలంగాణ కోసం కొట్లాడి, ఇప్పుడు తెలంగాణ మీదనే కేసు ఏసినవా అమ్మా?"

"నాది గనుకనే ఏసిన," అంది అండాలమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "మల్ల ఏ తారీకు రావాల్నో రాసియ్యి బిడ్డా."