మోసుకొచ్చిన కరెంటు

మా మాఝ్‌కోట్ ఊరు కొండ నెత్తిన ఉంది. కరెంటు పుట్టేది కింద వాగు దగ్గర. అంత దూరం ఎక్కి మా ఇళ్లకు చేరేసరికి దానికి ఓపికే మిగిలేది కాదు. బల్బు ఎర్రగా మూలిగేది. ఆశపడి తెచ్చుకున్న పిండిమర గుయ్యిమనేదే తప్ప తిరిగేది కాదు. మొక్కజొన్న బుట్టలు వీపున వేసుకుని కింది ఊరి మరకు దిగకపోతే మా పొయ్యి మీద ఢిండో సంకటి ఉడికేది కాదు.

"దారిపొడవునా తీగే తినేస్తోంది" అన్నాడు ఇంజనీరు, కింది ఊళ్లో లారీ ఆపించి. "వోల్టేజి పెంచి పంపి, పైన దించుకోవాలి. పెంచేది వాగు దగ్గర బిగించాం. దించే ట్రాన్స్‌ఫార్మర్ మీ ఊరికి చేరాలి. లారీ ఇంతకన్నా పైకి రాదు."

కింది ఊరి పెద్ద హుక్మాన్ పకపకా నవ్వాడు. "మీ మగాళ్లంతా ఖతర్‌లో ఉన్నారు. దీన్నెవరు మోస్తారమ్మా, మీ మేకలా?"

నాకు ఒళ్లు మండిపోయింది. "మేమే మోస్తాం అన్నా! నువ్వు దారికి అడ్డం లేకపోతే చాలు."

వెదురు బొంగులు కట్టి ఆడవాళ్లమే భుజానికెత్తాం. పెళ్లికూతురి డోలీకి పొడుగువాళ్లు ముందు నడవడం మా ఆనవాయితీ. అలాగే నడిచాం. గట్టు ఎక్కడం మొదలెట్టగానే పెట్టె వెనక్కి ఒరిగింది.

"ఒరగనివ్వకండి! లోపల నూనె ఉంది, పాడైపోతుంది!" ఇంజనీరు లబోదిబోమన్నాడు.

పెళ్లికూతురు వెనక్కి వాలితే ఆమెకు హాయి. ఈవిడ వాలితే మా కొంప మునుగుతుంది. కిందికి దించి, "పొట్టివాళ్లు ముందుకు రండి, పొడుగువాళ్లు వెనక్కి పొండి!" అని అరిచాను.

మా వదిన జున్‌మాయ నిచ్చెనంత మనిషి. "వెనకుంటే బరువంతా నా మీదే పడుతుంది కదే, తిల్‌కుమారీ!"

"మొయ్యి వదినా! దేవుడంత పొడుగిచ్చింది అటక మీది మిరపకాయలు అందుకోవడానికేనా?"

తిట్టుకుంటూనే మోసింది. ముందున్న మేం నడుములు వంచాం, వెనకున్నవాళ్లు చేతులెత్తి పట్టారు. భుజాలు కమిలిపోయాయి. పెట్టె మాత్రం మళ్లీ ఒరగలేదు.

పైన తీగలు బిగించాక, పెద్దమనిషి చేత్తో మొదలుపెట్టాలంటూ, చూడ్డానికి ఎక్కొచ్చిన హుక్మాన్ మా పిండిమర స్విచ్చి మీద చెయ్యి వేయబోయాడు. జున్‌మాయ ఆ చెయ్యి పట్టుకుని పక్కకు తీసేసింది.

"మోసినవాళ్లం ఇక్కడే ఉన్నాం అన్నా" అంటూ తానే నొక్కింది.

మర హోరెత్తింది. నా దోసిట్లోకి వెచ్చటి పిండి రాలింది. పచ్చిపిండే నోట్లో వేసుకుని బావురుమన్నాను. ఏడిస్తే సిగ్గేముంది? మా కొండ మీద, మా మరలో ఆడిన పిండి అది!